గీతల్లేని అరచెయ్యి

ఆ సాయంత్రం తైలం సుభానీకి ఇంటికి వెళ్ళాలని లేదు. అసలు పేరు మహబూబ్ సుభానీ. పొడిబారిన ఒంటికి, కాళ్ళ పగుళ్ళకి సొంతంగా కాచిన నూనెని మోపెడ్ మీద తెనాలి నుంచి రేపల్లె దాకా తిప్పి అమ్ముతాడు గనక తైలం అనే మాట పేరు ముందు చేరింది. అసురసంధ్య వేళకి ఠంచనుగా ఇల్లు చేరే మనిషి, కొన్నాళ్ళుగా దుగ్గిరాల కాలవగట్టు మీద మాణిక్యాంబ టీ బంకులో బల్లకి అతుక్కుపోతున్నాడు. భయమేస్తే కొందరికి నోరు పెగలదు. సుభానీకి మాత్రం భయం పెరిగిన కొద్దీ నోరు పెరుగుతుంది.

“రేపల్లెలో ఒకావిడండి మాస్టారూ,” అని మొదలెట్టాడు, బస్సు కోసం కూర్చున్న బడిపంతులు ఫ్రాన్సిస్ వైపు తిరిగి. “మడమలు బీటలు వారి మంచం దిగలేకపోతోంది. అమ్మా, సలసల కాగే నీళ్ళు పోసుకోకు, తడి ఆరీ ఆరకముందే ఈ నూనె రాయి అన్నాను. అంతే. మర్నాడు నేను వెళ్ళేసరికి చెప్పుల్లేకుండా బజారుకెళ్ళి చింతపండు తెచ్చుకుంటోంది.”

“తడి మీద రాస్తే ఏ నూనైనా పనిచేస్తుందిగా,” అంది మాణిక్యాంబ గ్లాసులు కడుగుతూ.

“ఏ నూనైనా అంటావేంటక్కా. ఆ తర్వాత బాపట్లలో ఏమైందో తెలుసా? సముద్రపు గాలికి ఒకాయన ఒళ్ళంతా చేప పొలుసులా లేచిపోయింది, గోకితే పిండి రాలుతోంది, బోర్లా పడుకోబెట్టి వీపుకి రాస్తున్నాను, రాస్తుంటే నా చేతి కింద ఏదో జారింది. చూద్దును గదా, పాత తోలు మెడ దగ్గర్నుంచి ఊడొస్తోంది. ముక్కలుగా కాదండి, చొక్కా విప్పినట్టు, చేతులతో సహా. కింద కొత్త తోలు, పసిబిడ్డ బుగ్గలా. ఆయన భార్య ఆ పాతది దులిపి దండెం మీదేసింది. అక్కడ గాలి లేదు మాస్టారూ. ఆకు కదలట్లేదు. దండెం మీద ఆ చేతులు రెండూ ఊగుతున్నాయి.”

“గుండీలున్నాయా దానికి?” అన్నాడు ఫ్రాన్సిస్.

సుభానీ నవ్వలేదు. కాలవ మీద మంచు దిగుతోంది. అవతలి గట్టు అప్పుడే కనపడటం మానేసింది. తన ఇల్లున్నది ఆ వైపే.

“నవ్వండి, నవ్వండి. అమృతలూరు చేలగట్టు మీద పాము కుబుసం కనబడింది. నా బుద్ధి గడ్డి తిని రెండు చుక్కల నూనె దాని మీద వేశాను. చుక్క పడ్డచోట మెత్తబడింది, మెత్తబడి నిగనిగలాడింది, ఆ తర్వాత తల ఉండాల్సిన చోటు మెల్లిగా నా వైపు తిరిగింది. కళ్ళు లేవండి. కళ్ళుండే చోట పల్చటి పొరలు, ఆ పొరల్తోనే చూసింది. మోపెడ్ తీశాను. వెనకాల సరసరమని చప్పుడు. ఆగితే ఆగుతుంది, కదిలితే వస్తుంది. తెనాలి పొలిమేర దాకా వచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు. అది పగబట్టి రావట్లేదు, మిగతా ఒంటికి కూడా రాయమని వస్తోంది.”

“రాశావా మరి?” అంది మాణిక్యాంబ.

“రాయక చస్తానా? మోపెడ్ ఆపి తోక దాకా రాశాను. లోపల పాము లేకుండానే పాకుతూ తుమ్మపొదల్లోకి పోయింది.”

“కోతలకి నీకు కొడవలి కూడా అక్కర్లేదయ్యా,” అన్నాడు ఫ్రాన్సిస్.

అప్పుడే రిబ్కా వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. పసుపు యార్డులో కొమ్ములు ఏరే మనిషి, చర్చి వీధిలో ఉంటుంది. మోసుకొచ్చిన సంచీ కిందపెట్టి, చేతులు రెండూ కొంగులో దాచుకుని, ఒక టీ చెప్పింది. సుభానీ ఆమెని పట్టించుకోలేదు. ఇప్పటిదాకా చెప్పిందంతా నోటికొచ్చిన కోత. ఇప్పుడు చెప్పబోయేది నిజం. అందుకే బల్ల మీద ముందుకి జరిగాడు.

“మా పెరట్లోకి ఏదో వస్తోంది మాస్టారూ. నూనె కుండ పెట్టే చోట, సున్నం గోడ మీద, పొద్దుగూకాక ఒక చెయ్యి అచ్చు పడుతోంది. పచ్చగా. ఆడమనిషి చెయ్యంత. అయిదు వేళ్ళూ ఉన్నాయి. గీతల్లేవు.”

“గీతల్లేకపోవటం ఏంటి?”

“ఆయుష్షు గీత లేదు, వేలి కొసల్లో చుట్లు లేవు. నున్నగా, కడిగిన పళ్ళెంలా ఉంది. లాంతరు పెట్టి చూశాను. మా ఆవిడ ఫాతిమాని అడిగితే, నాకేం కనపళ్ళేదే అని పొయ్యి వైపు తిరిగింది. అంటే అది నాకొక్కడికే కనపడుతోందన్నమాట.”

బాపట్లలో తోలు ఊడలేదని సుభానీకి తెలుసు. అమృతలూరులో కుబుసం కదల్లేదనీ తెలుసు. అయినా చెప్పగా చెప్పగా ఆ కోతల్లోంచే ఏదో లేచి తన ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందేమోనని, చీకటి పడితే చాలు, ఇంటి వైపు అడుగు పడట్లేదు. ఆ భయంలో కూడా నోరు ఊరుకోలేదు.

“రోజురోజుకీ పైకి పాకుతోంది. ఇవాళో రేపో తలుపు తడుతుంది. తీస్తే దానికి ముఖం ఉండదు మాస్టారూ. చెయ్యి చాపి నా ముఖం అడుగుతుంది.”

మాణిక్యాంబ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

రిబ్కా కొంగులోంచి కుడిచెయ్యి తీసి అతని ముందు చాపింది.

“ఇలాగుంటుందా బాబాయ్, ఆ చెయ్యి?”

పచ్చటి చెయ్యి. అంచుల్లో పగుళ్ళు, మధ్యలో ఏమీ లేదు. లైటు వెలుతుర్లో అరచెయ్యి నున్నగా, ఎవరిదీ కానట్టు ఉంది. సుభానీ బల్ల మీద వెనక్కి జరిగాడు.

“రేషన్ షాపులో మిషను నా వేలు తీసుకోలేదు,” అంది రిబ్కా. “పసుపు అడ్డమొస్తోంది, కడుక్కుని రా అన్నారు. బట్టల సబ్బేసి ఇటుక ముక్కతో తోమాను. తోమిన కొద్దీ పసుపు పోలేదు, గీతలు పోయినాయి. పోయిన నెల బియ్యం రాలేదు. ఈ నెల కూడా పోతే పిల్లలకేం పెట్టాలని కుళాయి దగ్గర ఏడుస్తుంటే ఫాతిమా పిన్ని చూసి, పనయ్యాక పెరటి వైపు రమ్మంది. అక్కడ మురుక్కాలవ దాటేటప్పుడు మీ గోడ పట్టుకుంటాను. అచ్చులు పడ్డాయని నాకు తెలీదు. రేపొచ్చి కడుగుతాను.”

సుభానీకి ఊపిరి తిరిగింది. దాంతోపాటు ఛాతీ కూడా పొంగింది.

“మరి వేలిముద్ర పడిందా?”

“వేలి కొసల్లో గీతలు మళ్ళీ లేస్తున్నాయి, ఇందాకే పడింది బాబాయ్,” అంటూ కాలి దగ్గర సంచీని తడిమింది.

“విన్నారా మాస్టారూ? గీతల్లేని చేతికి గీతలు మొలిపించిన తైలం ఈ జిల్లాలోనే కాదు, అసలు ఈ…”

“మీ తైలం కాదు బాబాయ్,” అంది రిబ్కా మొహమాటంగా. “ఆ కుండ జోలికి మాత్రం పోకు, అది అమ్మటానికి అంది పిన్ని. తన సీసాలో కొబ్బరినూనె పోసిచ్చింది. సబ్బు మానేసి శనగపిండితో కడుక్కో, తడి మీద రాసి పాత బనీను గుడ్డ చుట్టుకుని పడుకో అంది. ఆవిడా అదే రాసుకుంటుందట.”

ఫ్రాన్సిస్‌కి టీ ముక్కులోకి పోయింది.

“మరి ఫాతిమా నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు సుభానీ.

“నేనే వద్దన్నాను బాబాయ్. మీకు చెబితే తెల్లారేసరికి నా చెయ్యి కథ రేపల్లె దాకా వెళ్తుందని.”

మాణిక్యాంబ నవ్వాపుకుంటూ స్టవ్వు కట్టేసింది. “పొద్దుగూకింది. ఇక ఇంటికి పో సుభానీ.”

సుభానీ లేచాడు. మఫ్లరు చుట్టుకున్నాడు. గట్టు మీది దారి మంచులో నాలుగడుగుల తర్వాత కనపడటం లేదు. మోపెడ్ స్టాండు తీసి వెనక్కి తిరిగాడు.

“రిబ్కా, నువ్వూ మా ఇంటి మీదుగానేగా వెళ్ళేది? బియ్యం బరువు గదమ్మా. కలిసి పోదాం.”

“దెయ్యం నేనేగా బాబాయ్. నాతోనే వస్తారా?”

సుభానీ వంగి బియ్యం సంచీని మోపెడ్ మీదికెత్తాడు.