కెనడా లెక్క

“…అయిదుగురు, రఫీక్! పార్టీ లీడర్ కుర్సీకి అయిదుగురు నిలబడ్డరు. ఒక్కడు గూడ ఇంకొకన్ని ‘నువ్వెందుకు నిలబడ్డవ్‌రా’ అని అడుగలే. సూడు, చేతులు గూడ కలుపుకుంటున్నరు.”

“చూసిన గాని, అన్నా, నేను చెప్పేది—”

“చూడలే. నువ్వు నన్ను చూస్తున్నవ్. సెల్లు సూడు.”

బోధన్‌లో ఒక ఇంటి అరుగు. ఆదివారం పొద్దు. చంద్రయ్య కుర్చీలో ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా రఫీక్ ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరూ మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కలిసి పనిచేసినవాళ్లు. ఒకరి మాట ఒకరు పూర్తి కానిస్తే ఆ రోజు ఎవరికో ఒంట్లో బాగాలేనట్టే లెక్క.

“కూసో. ఏంది గట్ల నిలబడ్డవ్, ఓటు లైన్ల నిలబడ్డట్టు?”

“కూసుంటే లేటైతది. నర్సన్న కాడికి పోదాం పా.”

“గీ మనిషిని సూడు. ఓడరేవు మజ్దూర్. యూనియన్ల పనిచేసిండు. నాకే ఓటుంటే ఒకటో నంబర్ ఈయనకే ఏస్తుంటి.”

“నర్సన్న కాడికి పోదామంటున్న.”

“విన్న.”

“విని?”

“విని కెనడా చూస్తున్న.”

“అన్నా…”

“రెండో నంబర్ గీ రైతుకు ఏస్తుంటి. పెద్దమనిషి, గెలువడని ఆయనకు గూడ ఎరుకే. అయినా నిలబడ్డడు. ఇయ్యాల లెక్క, రఫీక్. మనకు చీకటి పడ్డంక తెలుస్తది. నేను కదిలేది లేదు. రేపొస్త.”

“రేపు కాదన్నా.”

“రేపు కాకపోతే ఎల్లుండి.”

లోపలి నుంచి చంద్రయ్య భార్య పుష్పలత చాయ్ తెచ్చింది.

“నెల రోజుల నుంచి గదే యవ్వారం, రఫీకన్నా. నల్లల నీళ్లు వస్తలేవంటే వినబడది. కెనడల ఎవరు గెలుస్తరో మాత్రం కావాలె. గా దేశం ఎక్కడుందో నాకు తెల్వది, గాని గా పార్టీకి ఎన్ని సీట్లున్నయో తెలుసు. ఏడు!”

“నవ్వకు పుష్పా. లాకౌట్ పడ్డనాడు మనకు ఉత్తరం రాసింది ఎవరు? హైదరాబాదోళ్లా, ఢిల్లోళ్లా? కెనడా చక్కెర మజ్దూర్లు. ‘మీ గేటు ముందట మేం గూడ నిలబడ్డమనుకోండ్రి’ అని రాసిండ్రు. వాళ్లది గీ పార్టీనే. మొన్నటి ఎలక్షన్ల పాపం ఏడు సీట్లే వచ్చినయి. లీడర్ తన సీటు తానే ఓడిపోయి దిగిపోయిండు. ఇగ ఇప్పుడు కొత్తోన్ని ఎన్నుకుంటున్నరు. గట్లాంటోళ్లను మనం చూడకపోతే ఎవరు చూస్తరు?”

“ఆ ఉత్తరం గేటు కాడ మైకుల సదివినోడు ఎవరన్నా?”

“ఎవడో సదివిండు.”

“ఎవడో?”

“నాకు యాదికి లేదు.”

“నర్సన్న. నువ్వు అటు మొఖం తిప్పుకొని నిలబడ్డవ్.”

“ఎండ కొడుతుండె.”

“అన్నా, పొద్దుగాల ఏడింటికి ఏం ఎండ?”

“నువ్వు చాయ్ తాగు, సల్లగైతది.”

“నువ్వు నాతోని వస్తే ఇద్దరం ఆచన్‌పల్లి గల్లిల నర్సన్న ఇంట్లనే తాగుదాం.”

“ఇంట్లనా? నిజామాబాద్ దవాఖానల ఉన్నడంటిరి గద?”

“ఇంటికి తెచ్చిండ్రు.”

“అయితే మంచిగైందన్నట్టే గద.”

“డాక్టర్లే తీస్కపొమ్మన్నరు.”

“…మాట్లాడుతుండా?”

“లేదు. మాట బందైంది.”

“మనుషులను గుర్తు పడుతుండా?”

“లేదన్నా.”

“మరి నేనొచ్చి ఏం ఫాయిదా? వాడు నన్ను చూడడు, నేను వానితోని మాట్లాడ. పన్నెండేండ్ల సంది నడిచేది గదే గద.”

“పన్నెండేండ్లు, అన్నా! ఒక్క ఊర్ల ఉండి. కూరగాయల మార్కెట్ల వాడు కనబడితే నువ్వు మిరపకాయలు కొనకుండనే ఇంటికొస్తవ్.”

“రెండేండ్లు ఇంట్ల కారమే లేకుండె,” అన్నది పుష్పలత.

“నువ్వు లోపలికి పో.”

“పోను. నేను గూడ వింట.”

“వినుండ్రి, ఇద్దరు వినుండ్రి. యూనియన్ ఎలక్షన్ల రాజశేఖర్‌కు రెండు వందల నలభై. నాకు రెండు వందల పదకొండు. నర్సనికి యాభై ఎనిమిది. వాడు నిలబడకపోతే ఆ యాభై ఎనిమిది ఎవరియి? నాయి. రెండు వందల అరవై తొమ్మిది! రాజశేఖర్ ఇంటికి. లాకౌట్ నోటీసు అంటిస్తే వాడు నోరు తెరువలే. నేనైతే ఊకుంటుంటినా?”

“నువ్వు ఊకోకపోయినా మూతపడుతుండె. మనిద్దరికి ఎరుకే.”

“అది వేరే ముచ్చట.”

“సరే, కెనడల ఎట్ల లెక్కవెడుతరో చెప్పు. నీకు చెప్పాలని ఉన్నది గద, చెప్పు.”

“అడిగినవ్ గాబట్టి చెప్తున్న. చీటీ మీద అయిదుగురి పేర్లుంటయి. మస్తు నచ్చినోనికి ఒకటి, తర్వాతోనికి రెండు, మూడు, గిట్ల నంబర్లేస్తరు. ఎవరికీ సగం దాటకపోతే అందరికంటె కిందున్నోన్ని తీసేస్తరు. వాని చీటీలు పారెయ్యరు, రఫీక్! వాటి మీద రెండో నంబర్ ఎవరికుంటే వాళ్లకు పంచుతరు. ఓటు ఖరాబ్ గాదు. దోస్తానా గూడ ఖరాబ్ గాదు. మనకు గీ లెక్క ఎవడన్న అప్పుడే చెప్పి ఉంటేనా…”

“ఉంటే, నర్సన్నను తీసేసి వాని చీటీలు పంచుతుంటిరి.”

“ఆఁ. వాటి మీద రెండో నంబర్ నాదే. ఇంకెవనిది?”

“రాజశేఖర్‌ది.”

“ఏంది?”

“రాజశేఖర్‌ది, అన్నా. ఆ యాభై ఎనిమిది ఎవరియి? సీజన్ మజ్దూర్లయి. చెరుకు ఆడినన్ని రోజులు పనిచేసి పోయేటోళ్లయి. ఓట్లప్పుడు నువ్వు వాళ్ల షెడ్డుకు పోయినవా?”

“వాళ్ల ఓట్లు ఎటూ మనయే అనుకున్న.”

“గదే. రాజశేఖర్ అనుకోలే. రెండు మార్లు పోయిండు. అందరిని పర్మనెంట్ చేయిస్తనన్నడు. షెడ్డు షెడ్డంత అటే తిరిగింది. నర్సన్న ఆ షెడ్డుల నుంచి వచ్చినోడే. తమ మనిషి నిలబడితే ఓట్లు రాజశేఖర్‌కు పోకుండ ఆగుతయని నిలబడ్డడు. వాడు లేకపోతే నీకు గా రెండు వందల పదకొండే. రాజశేఖర్‌కు రెండు వందల తొంభై ఎనిమిది.”

“నీకెవరు చెప్పిండ్రు?”

“చీటీలు లెక్కవెట్టింది నేనే గద.”

“చీటీ మీద మనసుల మాట రాసుంటదా?”

“ఒక్క చీటీ మీద ఉండె.”

“…సెల్లు చార్జింగు అయిపోతున్నది. పుష్పా, గా వైరు తే.”

“తేను. ముందుగాల రఫీకన్న చెప్పేది విను.”

“అన్నా, మనం ఓటు ఎట్లేస్తుంటిమి?”

“వేలిముద్ర. సదువొచ్చినోడు, రానోడు అని తేడా ఉండొద్దని. నేనే పెట్టిన రివాజు. ఎవని ముద్రనో ఎవనికి ఎరుక గావద్దని.”

“అందరిది ఎరుక గాదు. చెరుకు నరికే మిషన్ల సగం బొటనవేలు పోయినోనిది ఎరుకైతది.”

చంద్రయ్య సెల్లును బోర్లా పెట్టాడు. అందులో ఎవరో ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

“నీ గుర్తు ఏందన్నా?”

“…చెరుకుగడ.”

“చెరుకుగడ మీద ఉండె. ఆ సగం వేలు.”

“అబద్ధం.”

“అల్లా మీద ఒట్టు.”

“వాడు నిలబడి, ఊరంత తిరిగి, తన ఓటు తాను వేసుకోకుండ…”

“నీకేసిండు.”

“రఫీక్, నేను వాన్ని ఏమన్ననో ఎరుకేనా?”

“పక్కనే ఉన్న గద.”

“ఓడినోడే గెలిచినోనికి మొదటి దండ వెయ్యాలె. మన రివాజు. నేను వెయ్యలే, నా చేతులు రాలే. వాడు పోయి వేసిండు. వేసి వస్తుంటే అంగీ గల్ల పట్టుకొని, ‘ఎంతకు అమ్ముడువోయినవ్‌రా’ అన్న. రుక్మాబాయి అక్కడ్నే ఉండె. వాని పెండ్లాం చూస్తుండంగ అన్న. వాడు మారు మాట్లాడలే. గల్ల సరిచేసుకొని పోయిండు. మాట్లాడలేదంటే దొంగనే అనుకున్న. పన్నెండేండ్లు దొంగనే అనుకున్న!”

“ఏడువకన్నా.”

“నువ్వెందుకు చెప్పలే? నువ్వు గూడ పన్నెండేండ్లు నా అరుగు మీద కూసొని నా చాయ్ తాగి… నేను వాన్ని తిడుతుంటే వినుకుంట కూసున్నవ్ గదరా!”

“తిట్టు. నన్ను గూడ తిట్టు. చీటీ చూసినప్పుడు నా మొఖం మారింది, నర్సన్న పసిగట్టిండు. గోదాం ఎనుకకు తీస్కపోయి ఒట్టేయించుకున్నడు. ‘నన్ను నమ్మి అంతమంది ఓటేసిండ్రు రఫీక్. వాళ్ల లీడరే వాళ్లకు ఓటెయ్యలేదని తెలిస్తే రేపు ఆ షెడ్డుల ఏం మొఖం పెట్టుకొని తిరుగాలె’ అన్నడు.”

“నా ఒక్కనికి చెప్తే ఏమైతుండె?”

“నీకు చెప్తే మర్నాడు పొద్దుగాల గేటు కాడ మైకుల చెప్తుంటివి.”

“…చెప్తుంటి. నిజమే. చెప్తుంటి.”

“అంగీ తేవాల్నా?” అన్నది పుష్పలత.

“తెల్లది తే. ఇస్త్రీది.”

“మరి లెక్కనో?”

“కెనడోళ్లకు నేను లేకపోతే లెక్క రాదా? వాళ్లు చూసుకుంటరు. గీ సెల్లు బందు పెట్టు, చెవుల రొద అయితున్నది… రఫీక్, మాట బందైనోనికి గూడ చెవులు వినబడుతయంటరు. నిజమేనా?”

“అంటరన్నా.”

“అయితే చెవుల చెప్త. అందరిని జర బయటికి పొమ్మను. రుక్మాబాయిని మాత్రం ఉండమను. ఆమె ముందటనే అన్న గద, ఆమె ముందటనే చెప్పాలె. తప్పైంది అని ఎన్నడు ఎవరికీ చెప్పలేదురా నేను. ఎట్ల చెప్తరు? ముందుగాల పేరు పిలువాల్నా?”

“పిలువన్నా.”

“‘నర్సా’ అని పిలుస్తుంటి. చిన్నప్పటి సంది గట్లనే. ‘నర్సా, మీ షెడ్డుకు నేను రాలే, అది నా తప్పు’ అంట. చేయి పట్టుకోవచ్చునా? పట్టుకుంట. గా సగం వేలు పట్టుకుంట. గుర్తు పట్టకపోతే పట్టకపోనీ. పుష్పా, నా చెప్పులేయి?”

“కాళ్ల కాడనే ఉన్నయి గద.”

“తొడిగిన. నడువు, బండి తియ్యి. ఏంది గట్ల నిలబడ్డవ్? వచ్చిన కాడి నుంచి పోదాం పోదామని నా పాణం తిన్నవ్, ఇప్పుడు నేను లేస్తే నువ్వు కదలవు. ఒట్టు తప్పినందుకు వాడు నిన్ను తిడుతడని భయమా?”

“తిట్టడన్నా. నేను ఒట్టు తప్పలే. ‘నేను బతికున్నన్నాళ్లు చెప్పకు’ అన్నడు. పొద్దుగాల అయిదింటికే పోయిండు. సచ్చినోని కాడికి అందరొస్తరు. నువ్వు బతికున్న నర్సన్న కోసం చెప్పులు తొడిగినవని రుక్మక్కకు చెప్పాలె గద, గందుకే పోయిన ముచ్చట ఇందాక చెప్పలే.”