గాజుపళ్ళెంలో తమ్ముడు

పేగు జబ్బుతో చిక్కిపోయిన తమ్ముడు అక్క పనిచేసే ప్రయోగశాలకు వచ్చాడు. అతని పేగులోంచి తీసిన చిన్న ముక్కను ఆమె గాజుపళ్ళెంలో పెంచుతోంది.

"ఇందులో నేనెక్కడక్కా?"

"మైక్రోస్కోపులో చూడు. ఆ గుండ్రటి బుడగలన్నీ నువ్వే."

"అమ్మో, నాకంటే పుష్టిగా ఉన్నాయే! ఏం పెడుతున్నావ్ వీటికి?"

"ఇది తిండి గొప్పతనం కాదురా. ఒంట్లో కాపలా కాసే రోగనిరోధక కణాలు కబురు పంపితే, పేగు గోడలో కొత్తగా పుట్టిన కణాలు ఆ గోడని కాపాడే జిగురు తయారుచేసేవిగా మారతాయి. నీ కడుపులో ఆ కబురు సరిగ్గా అందట్లేదు. జిగురు పొర పలచబడి గోడంతా పుండ్లు పడుతోంది. ఇక్కడ ఆ కబురు నేనే చుక్కలుగా వేశాను."

"నువ్వు చెప్తే విన్నాయా?"

"ఒక్కటీ ఎదురు చెప్పలేదు."

"అయితే అవి నావి కావు."

"నవ్వించకురా, చుక్క పక్కన పడుతుంది."

"మరి ఆ చుక్కలు నాకెప్పుడు వేస్తావ్?"

"మనుషులకి ఇవ్వచ్చో లేదో తేలడానికి ఏళ్ళు పడుతుంది."

"వచ్చేవారం డాక్టరు ఆ పేగునే కోసి తీసేస్తున్నాడుగా! అంటే పళ్ళెంలో ఉన్న నాకు నయమైంది, నీ ముందు నిలబడ్డ నాకు కాలేదు."

మరో చుక్క వేయడానికి పళ్ళెం మూత తీసిన అక్క దాని మీదికే తల వంచేసింది.

"పోనీలే, మనింట్లో ఒకడైనా బాగుపడ్డాడు. అమ్మకి వాడి ఫొటో పంపించు."

"నోర్ముయ్‌రా."

"ముందు మూత పెట్టి ఏడువక్కా. అక్కడ నేను తడిసిపోతున్నాను."