గ్లాసు వెనక్కి పంపే పద్ధతి

హోటల్లో పన్నెండేళ్ళుగా గ్లాసులు అందిస్తున్న మనిషి, ఇవాళ సొంత వంటింట్లోనే భుజాన తువ్వాలు వేసుకుని ఎనిమిదేళ్ళ కూతురి ముందు నిలబడ్డాడు. పక్కగదిలో భార్య బట్టలు మడతపెడుతోంది.

"అలా గొణిగితే నాకేం వినపడుతుంది పిట్టా? నేను సర్వర్ని. నా చెవుల్లో పది టేబుళ్ళ గోల. గట్టిగా చెప్పు."

"అంకుల్, ఒక మామిడి జ్యూస్ ఇవ్వండి."

"అంతేనా?"

"పాలు వెయ్యకుండా. నాకు పాలు పడవు."

"శభాష్! ఆ ముక్క ముందే అనాలి. ఇదిగోండి మేడమ్, మీ జ్యూస్."

"థాంక్యూ అంకుల్."

"ఆగాగు! అప్పుడే ఎత్తేస్తున్నావేం? లోపల చూడు, తెల్లగా నురగ."

"ఇది ఖాళీ గ్లాసు నాన్నా."

"ఉందనుకోవే తల్లీ! వంటవాడు అలవాటు కొద్దీ పాలు పోసేశాడు. ఇప్పుడేం చేస్తావు?"

"ఏమో."

"ఏమో ఏంటి? 'ఏమీ అనుకోకండి అంకుల్, నేను పాలు వద్దన్నాను, ఇది మార్చి ఇస్తారా?' అంతే. అరవక్కర్లేదు, ఏడవక్కర్లేదు. గ్లాసు కాస్త అటు జరిపి, నవ్వుతూ చెప్పాలి."

"మార్చనంటే?"

"మళ్ళీ చెప్పు."

"కొంచెమే కదా, తాగెయ్ అంటే?"

"అలా... అలా ఎవరూ అనరు."

"అంటారు."

"అన్నా తాగకూడదు. ఎవరన్నా సరే."

"పెద్దవాళ్ళన్నా?"

"పెద్దవాళ్ళన్నా."

"మనకి బాగా తెలిసినవాళ్ళన్నా?"

"...మళ్ళీ మొదట్నుంచి చేద్దాం. చెప్పండి మేడమ్, ఏం కావాలి?"

"ఏమండీ, నేర్చుకుందా లేదా? రేపు పొద్దున్నే స్కూలు విహారయాత్ర బస్సు. పంపుతున్నారా లేదా అని టీచర్ రెండుసార్లు ఫోన్ చేసింది."

"పంపుదాం. బాగానే చెప్తోంది."

"మీ ముందు చెప్తే సరా? పోయిన వారం మీ హోటల్లోనూ మీ పక్కనే కూర్చుంది. ఇందులో పాలున్నాయని ఒక్క మాట అనలేకపోయింది. పెదాలు వాచి, ఊపిరాడక, రెండు రోజులు ఆసుపత్రిలో... ఈ నోట్లో నాలుక లేని పిల్లని అంత దూరం ఎలా పంపను?"

"రేపు చెప్తానమ్మా. ఒట్టు."

"మరి ఆరోజెందుకు చెప్పలేదే?"

"మర్చిపోయా."

"మర్చిపోయావా! ప్రాణం మీదికొచ్చే మాట మర్చిపోతారటే ఎవరైనా? చాల్లే. రేపు నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు."

"సరే అమ్మా."

"సరే అంటావేంటి పిట్టా? నెల రోజుల్నుంచి ఎదురుచూశావు కదా!"

"పోన్లే నాన్నా. నాకేం వెళ్ళాలని లేదు."

"ఏం, మీరెందుకు తల దించుకుంటున్నారు?"

"దాన్నేం అనకు. వారం నుంచి దాని మొహం చూడాలంటే సిగ్గేస్తోంది నాకు."

"మర్చిపోయింది అది. మీకెందుకు సిగ్గు?"

"అది మర్చిపోలేదు. రెండుసార్లు చెప్పింది. మా హోటల్లో పనివాళ్ళం ఒకరు తెచ్చిచ్చిన గ్లాసు ఇంకొకరం వెనక్కి పంపం, మర్యాద కాదని... అందుకని నేనే కళ్ళెర్రజేసి తాగించాను."