నీలం మూత సీసా

కాదు సిస్టర్ గారూ, పాప పక్కన స్టాండుకి వేలాడే ఆ సంచిలో ఉన్నదాన్ని మీరు భోజనం అంటే నేనెలా ఒప్పుకునేది? పసుపుపచ్చ నీళ్లు. పైన నల్ల తొడుగు. వెలుతురు తగిలితే పాడైపోతుందట. గిన్నెకి మూత పెట్టడం తెలుసు గానీ, ఇలా ముసుగేసి దాచిన వంట నేనెక్కడా చూళ్లేదు.

నేను వంటవాణ్ణండీ. ఫ్యాక్టరీ క్యాంటీన్లో. షిఫ్టు గంట కొట్టేసరికి అందరి కంచాల్లోనూ అన్నం పడాలి. నా చేతి తిండి తిని ఇంకా ఆకలన్నవాడు లేడు. ఇప్పుడు నా కూతురు, నెలలు నిండకుండానే వచ్చేసిన పిల్ల, నా అరచేతిలో పట్టేంత పిల్ల, ఆ గాజుపెట్టెలో నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే ఇవతల నిలబడి చూస్తున్నాను. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారే. ఇక్కడ వడ్డించేవాడు కన్నతండ్రే, పిల్లకి పంక్తిలో చోటే లేదు.

తెలుసు, తెలుసు. డాక్టరుగారు చెప్పారు. పేగులింకా లేతవి, పొట్ట ఉబ్బింది, పాలు పోస్తే ఓర్చుకోలేదు. అందుకని చక్కెర, ఉప్పు, ప్రోటీన్లు అన్నీ కొలిచి నరంలోకే పంపిస్తున్నారు. ఆ తెల్లటి సిరంజీలోది కొవ్వట. పిల్ల బరువు చూసి రోజూ కొత్తగా కలుపుతారట. నిన్న ఉప్పు తగ్గించారని మీరే అన్నారు కదా. మేమైతే గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని రుచి చూస్తాం. మీరు దాని మడమలో సూది గుచ్చి రక్తంలో చూస్తారు. ఆ కాలు చూసి తట్టుకోలేక మెట్ల దగ్గరికెళ్లి ఏడ్చాను.

అయినా నేనొచ్చింది అందుకు కాదు. మా ఆవిడ గురించి. ఆపరేషన్ కుట్లతో పై వార్డులో ఉంది, ఇంతవరకూ పిల్లని చూడలేదు. పళ్లు బిగబట్టి పాలు పిండి, నీలం మూత సీసాలో పోసి నా చేతికిస్తుంది. చుక్కలే అనుకోండి. అడుగున కాస్త, పచ్చగా, చిక్కగా. "తాగిందా?" అంటుంది. నేనేం చెప్పను? "తాగింది, చప్పరించింది కూడా" అన్నాను. దాని మొహం ఎలా వెలిగిపోయిందో మీరు చూడాల్సింది. ఆ తర్వాత ఇంక నిజం నోట్లోంచి ఊడిపడలేదు.

ఇవాళ చక్రాల కుర్చీలో కిందికి తీసుకొస్తున్నారు. సంచి చూస్తుంది, అడుగుతుంది. అందుకే మీ కాళ్లావేళ్లా పడుతున్నాను. పాలు కూడా పట్టిస్తున్నామని ఒక్క మాట సాయం చెయ్యండి. వద్దన్నారని తెలిస్తే ఆ బెంగతోనే పాలు ఎండిపోతాయి దానికి.

ఏంటీ? ఏ సీసాలు?

ఫ్రీజర్లో పెడతారా? ఆ చుక్కలనా?

దూది ముంచి పాప నోటి లోపల తుడుస్తారా... అంటే, మింగకపోయినా పనికొస్తాయా? రోగాలు రాకుండా అడ్డుకుంటాయా? పొట్ట తగ్గగానే మొదట పోసేవి కూడా అవేనా?

నాకెవరూ చెప్పలేదండీ. మొదటిరోజు తలుపు దగ్గరున్నావిడ "ఇప్పుడే పాలు వద్దండీ" అంది. అంతే నేను విన్నది. ఇంకేమైనా చెప్పిందేమో, నా చెవికెక్కలేదు.

ఇన్నాళ్లూ ఇచ్చిన పాల సీసాలా? లేవు సిస్టర్. ఒక్కటీ లేదు.

మా క్యాంటీన్లో అన్నిటికంటే ముందు నేర్పేది ఒకటే. వద్దన్నది నిలవ పెట్టకూడదు, ఇంకోసారి ఎవరి కంచంలోనైనా పడితే ప్రాణం మీదికొస్తుంది. నా కింద వాళ్లకి నేనే చెప్తాను, మొహమాటపడకుండా పారబొయ్యండిరా అని. అలాగే ఈ సీసాలో పాలు కూడా. వరండా చివర సింకు ఉంది చూడండి, అక్కడ ఒంపేసేవాణ్ణి. కడిగి, బోర్లించి, ఆరాక మళ్లీ మా ఆవిడకే ఇచ్చేవాణ్ణి. శుభ్రంగా కడిగేవాణ్ణండీ, మరక కూడా ఉండేది కాదు. అది చూసి, "చుక్క మిగల్చకుండా తాగిందే నా తల్లి" అని మురిసిపోయేది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అదిగో, మా ఆవిడే. ఒళ్లో సీసా చూడండి. ఒలికిపోతుందని రెండు చేతులతో పట్టుకుంది.

మీరేం అబద్ధం చెప్పొద్దులెండి. ముందు పాప నోరు తుడవండి, మా ఆవిడని కళ్లారా చూసుకోనివ్వండి. సింకు సంగతి తర్వాత నేనే చెప్తాను. ఎలా చెప్పాలో తెలీదు గానీ, చెప్తాను.

ఆ సీసా మాత్రం ఈసారి మీరే అందుకోండి. నా చేతికి రానివ్వకండి.