మర్నాటి ప్రసంగం

ఆ ఉదయం కెనడాలోని సస్కటూన్ ఆకాశం మంచు కురవాలా వద్దా అన్నట్టు ఆగి ఉంది. యూనివర్సిటీలో ఆ దేశపు రాజ్యాంగం బోధించే ప్రొఫెసర్ గదికి ఆయన పరిశోధక విద్యార్థిని వచ్చింది.

"సార్, మీ పుస్తకం మొత్తం అప్పటి చట్టసభలో ఒక సభ్యుడి ప్రసంగం మీదే నిలబడింది కదా?"

"అవునమ్మా. రాజ్యాంగం రాసిన రోజుల్లో అందులోని ఒక ముఖ్యమైన మాటకి అర్థమేంటో ఆయనే చెప్పాడు."

"మర్నాటి చర్చ కూడా చదివాను సార్. తను చెప్పిన అర్థాన్ని ఆయన వెనక్కి తీసుకున్నాడు."

"మర్నాటిది నేను చదవలేదు. కావలసింది దొరికిందని అక్కడే ఆపేశాను."

"నా థీసిస్‌లో ఆ సంగతి వదిలేయనా? ఎవరూ చూడరు."

"కాలంతోపాటు అర్థం మారుతుందనేవాళ్లతో ఇన్నేళ్లూ పోట్లాడాను. రాసినవాళ్ల అర్థానికే కట్టుబడాలన్నాను. ఆ అర్థమే నన్ను తప్పంటే తప్పుకుంటానా? థీసిస్‌లో పెట్టెయ్."

"మన పక్షం వాళ్లంతా కలిస్తే ఒక కార్లో పడతారు సార్. వాళ్లు కూడా మనతో మాట్లాడ్డం మానేస్తారు."

"మానేస్తారు. కాన్ఫరెన్సుల్లో కాఫీ దగ్గర ఒక్కణ్ణే నిలబడడం నాకు అలవాటే. నీకే కొత్త."

"అలవాటవుతుంది లెండి."

"బాక్స్ తెచ్చుకున్నావా?"

"ఇద్దరికీ తెచ్చాను సార్. గోంగూర పప్పు."

మరక పడకుండా ఆయన తన పుస్తకాన్ని పక్కకి జరిపాడు. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు.