మూత మీద నీడ

ఝౌషాన్ దీవిలో ముడిచమురు ట్యాంకుల కొలతలు తీసే ఉద్యోగి ఒకడు, మధ్యాహ్నం అన్నం తింటూ భార్య ఫోన్ వైపు చూసి గిన్నె పక్కన పెట్టేశాడు.

“పొద్దున నీ ఒక్కదానికే పంపిన ఫోటో అది. ఇంకెవరికి పంపావు?”

“మనవాళ్ళ గ్రూపులో పెట్టాను. ట్యాంకు మీద నిలబడి ఎంత బాగున్నారో అని.”

“నా మొహం చూశావు గానీ, వెనకాల ట్యాంకు మూత చూడలేదా?”

“చూశాను. మూతేగా.”

“అది చమురు మీద తేలుతుందే. చమురు దిగితే అదీ దిగుతుంది. దానిమీద గోడ నీడ ఎంత పడిందో చూడు. బావిలోకి తొంగిచూసినట్టు లేదూ?”

ఆమె ఫోటోని పెద్దది చేసి చూసింది.

“అయితే ట్యాంకు ఖాళీయా? ఓడలు రావడం లేదా?”

“మెల్లగా మాట్లాడు, పక్కింటికి వినబడుతుంది. ఫోన్ గేటు దగ్గర పెట్టెలో వేసి పైకెక్కాలి. మర్చిపోయి జేబులో పెట్టుకెళ్ళాను చూడు, నన్ననాలి. ముందది తీసెయ్.”

“తీసేస్తున్నా. పిన్ని పువ్వుల బొమ్మలు పెట్టింది, అంతే. ఎవరికీ ఏమీ తెలిసినట్టు లేదు.”

“మీ నాన్న చూశాడా?”

“చూస్తే మాత్రం? చేపలు పట్టుకునే మనిషికి ఏం తెలుస్తుంది?”

“పడవ కొనకముందు ఆ ట్యాంకులకు వెల్డింగ్ చేసింది ఆయనే కదే.”

ఆమె వేలు ఆగిపోయింది. గ్రూపులో కాదు, ఆమెకే విడిగా తండ్రి మెసేజ్ అప్పటికే వచ్చి ఉంది.

“ఏం రాశాడు? చదువు.”

“‘అల్లుడి ఫోటో చూశాను. పడవకి పది పీపాల డీజిల్ పట్టించేశాను. రేవులో అందరికీ చెప్పాను. మీరూ త్వరపడండి.’”