ఫెస్టీ గీసిన గీతలు

గెలిచినవాళ్ళతో పాటు ఓడినవాళ్ళు కూడా టీకి రావడం మా కిల్డెర్రాలో ఆనవాయితీ. కౌంటీ కౌన్సిల్ ఓట్ల లెక్కింపు సోమవారం ముగిసింది. బుధవారం మధ్యాహ్నానికల్లా చర్చి హాల్లో టీ మరుగుతోంది. బల్లల మీద హామ్ శాండ్‌విచ్‌లు, ఎండుద్రాక్షల రొట్టె, దాని మీద వేలు మందాన వెన్న. కప్పుల్లో పొయ్యడం నా వంతు. నా పేరు కన్సెప్టా, నన్ను అడక్కుండా ఆ హాల్లో చెంచా కూడా కదలదు.

గెలిచిన గ్రాన్యా ఇంకా రాలేదు. బుధవారం కదా, బస్సు తీసుకురావడానికి వెళ్ళింది. మా ఊరి ముసలివాళ్ళని ముప్పై మైళ్ళ అవతల కాజిల్‌మోయ్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చే చిన్న బస్సు అది. జీతం లేకుండా తనే తోలుతుంది. ఆ బస్సుకి ఇచ్చే సాయం ఆపేస్తామని కౌంటీవాళ్ళు అన్నందుకే తను ఎన్నికల్లో నిలబడింది. మా దగ్గర ఓటు కాగితం మీద పేర్ల పక్కన నచ్చిన వరసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాం; రౌండుకొకరు పడిపోతుంటే వాళ్ళ కాగితాలు తర్వాతి అంకె ఉన్నవాళ్ళకి పోతాయి. ఐదు సీట్లకి పదమూడు మంది పోటీ పడితే తొమ్మిదో రౌండులో ఆఖరి సీటు తనకి దక్కింది.

కిటికీ పక్క కుర్చీలో ఫెస్టీ గాఘన్ కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒళ్ళో కాగితంలో చుట్టిన రెండు రొట్టె ముక్కలు, అవి నోనీకి. నోనీ ఆయన భార్య, రెండేళ్ళుగా కాజిల్‌మోయ్ వృద్ధాశ్రమంలో ఉంది. మా పేర్లన్నీ మర్చిపోయింది, సొంత చెల్లెలి పేరుతో సహా. ఫెస్టీ కోతలు కోస్తే మాత్రం ఇప్పటికీ పగలబడి నవ్వుతుంది. ఆయన చూపు తగ్గి కారు నడపడం మానేశాడు, కాబట్టి బస్సు లేకపోతే ఆ నవ్వూ లేదు.

"అసలు నేనేం చేశానమ్మాయ్? ఏమీ చెయ్యలేదు," అన్నాడు ఫెస్టీ.

ఆ మాటతో మొదలెట్టాడంటే ఇక ఎవరూ ఆపలేరని మా అందరికీ తెలుసు. కసాయి కొట్టు జార్లత్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక్క గడప తొక్కానంతే. టోబిన్ వాళ్ళ గడప. వాళ్ళ కుక్క సంగతి మీకు తెలుసుగా, పోస్టుమాన్ ఉత్తరాలు గేటు మీంచి విసిరేసి సైకిలెక్కి పారిపోతాడు. నేను వెళ్ళాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. 'గ్రాన్యా పని మీదొచ్చానే' అన్నాను. అంతే, గొళ్ళెం పళ్ళతో పట్టుకుని గేటు అదే తీసింది."

"కుక్క గేటు తీసిందా?" అన్నాడు జార్లత్.

"తియ్యడమే కాదు, వెనకాలే వేసింది కూడా. అబద్ధమైతే నా టీలో పంచదార వెయ్యద్దని కన్సెప్టాకి చెప్పు. టోబిన్ బయటికొచ్చి, 'ఒకటో నంబరు మా మేనల్లుడికి మాటిచ్చేశాను ఫెస్టీ' అన్నాడు. 'ఒకటి నిన్నెవడడిగాడు? మేనల్లుణ్ణి కాదని ఎవరికేస్తావ్? రెండెవరికి?' అన్నాను. నీళ్ళు నమిలాడు. మేనల్లుడు ఎలాగూ మూడో రౌండులోనే ఎగిరిపోతాడు, ఆ కాగితాలన్నీ రెండో నంబరుకే కదా వచ్చేది! ఇంట్లో ఎనిమిది ఓట్లు. ఎనిమిది రెండోనంబర్లూ మూటగట్టుకొచ్చాను."

అంటూ జేబులోంచి పెన్సిలు తీసి, బల్ల మీద నేను కొత్తగా పరిచిన కాగితపు గుడ్డ మీద నాలుగు నిలువు గీతలు గీసి, వాటి మీద అడ్డంగా ఒకటి లాగాడు. పక్కన ఇంకో మూడు. ఆయన అలవాటే అంత. నలభై ఏళ్ళుగా లెక్కింపు హాల్లో అడ్డకమ్మీకి ఆనుకుని, అధికారులు కాగితాలు విప్పుతుంటే ఎవరికెన్ని పడ్డాయో ముందే గీతల్లో లెక్క కట్టే మనిషి. కోడిగుడ్లు కొన్నా గీతలే, మాత్రలు వేసుకున్నా గీతలే.

"బాబాయ్, నా గుడ్డ!" అన్నాను.

"గుడ్డదేముందే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్యాకీ హీలీ పోయాడని అదే సాయంత్రం కబురొచ్చింది. వెళ్ళాను. ఇల్లంతా జనం, మధ్యలో శవపెట్టెలో ప్యాకీ, కొత్త టై కట్టుకుని. అక్కడున్న నలభై మందినీ వరసగా రెండో నంబరు అడిగాను. ముప్పైతొమ్మిది మంది సరే అన్నారు. ఒక్కడు మాత్రం మొరాయిస్తున్నాడు. అంతలో పెట్టెలో ప్యాకీ లేచి కూర్చున్నాడు."

"ఓరి నాయనో!"

"లేచి కూర్చుని, 'ఇవ్వరా ఆయనకి, వానలో నడిచొచ్చాడు' అని, టై సర్దుకుని మళ్ళీ పడుకున్నాడు. మంచి మనిషి, పోయాక కూడా మర్యాద మర్చిపోలేదు."

"ఫాదర్ ఏమన్నాడు?"

"ఫాదర్ ఏమంటాడు, తన రెండో నంబరు కూడా ఇచ్చేశాడు."

మళ్ళీ గీతలు. గుడ్డ సగం నిండిపోయింది. బల్ల చివర మలకీ డర్కన్ టీ తాగుతూ వింటున్నాడు. మలకీ అవతలి పార్టీ గీతల మనిషి. ఆఖరి సీటు పోగొట్టుకున్న కోల్మన్ టియర్నన్‌కి ఏజెంటు. ఫెస్టీ, అతనూ నలభై ఏళ్ళుగా అదే అడ్డకమ్మీ దగ్గర మోచెయ్యీ మోచెయ్యీ తగులుతూ నిలబడ్డవాళ్ళు, అన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఉన్నారు.

"మరి అవతలి దీవిలో ఓట్ల సంగతేంటి బాబాయ్?" అని ఎగదోశాను. చెప్పకపోతే ఎలాగూ ఊరుకోడు.

"ఇదంతా నోనీ కోసం దాచానే. సరే, మీ మీద ఓసారి సరిచూసుకుంటాను. దీవిలో ఉండేది పదకొండు మంది. సముద్రం ఉడుకుతోంది, పడవవాడు రానన్నాడు. కోటు విప్పాను, ఈదాను. ఈ డెబ్బై ఎనిమిదేళ్ళ కాళ్ళతో! సగం దూరం వెళ్ళేసరికి సీలు చేప ఒకటి పక్కకొచ్చి మోస్తానంది. ఎక్కలేదు. ఎందుకెక్కలేదో తెలుసా? ఎన్నికల ప్రచారానికి వాహనం వాడితే లెక్క చూపించాలి."

జార్లత్ నోట్లో టీ కాస్తా చొక్కా మీద పడింది.

"నవ్వకండెహె, చట్టం చట్టమే! పదకొండు ఓట్లూ తెచ్చాను, తిరిగొచ్చేటప్పుడు అలలకి కూడా చెప్పుకుంటూ వచ్చాను. ఇవన్నీ ఒకెత్తు. అసలు పని లెక్కింపు హాల్లో. ఎనిమిదో రౌండు అయింది. మా గ్రాన్యా కోల్మన్ కంటే రెండొందలు వెనకుంది. ఇంకొకాయన పోటీలోంచి పడిపోయాడు, ఆయన కాగితాలు తొమ్మిది వందలు పంచాలి. అధికారులు అలిసిపోయారు, ఒకడైతే కట్ట మీదే తలపెట్టి గురక. అప్పుడు నాకు తుమ్మొచ్చింది."

"తుమ్మా?"

"మామూలు తుమ్మా అది? పైకప్పు రేకులు ఓసారి లేచి కూర్చున్నాయి. తొమ్మిది వందల కాగితాలూ గాల్లోకి లేచాయి. తిరిగాయి. తిరిగి తిరిగి, ఎవరి రెండో నంబరు వాళ్ళ గూట్లోకి అవే వెళ్ళి పడ్డాయి, అంచు కూడా మడత పడకుండా! పెద్ద అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా దగ్గరికొచ్చి, 'గాఘన్ గారూ, ఫలితం మీరే ప్రకటిస్తారా, నన్ను ప్రకటించమంటారా?' అన్నాడు. 'మీరే కానివ్వండి, మీకూ ఓ ఉద్యోగం ఉండాలి కదా' అన్నాను. ఏడు దేశాల నించి ఫోన్లు, ఆ తుమ్ము నేర్పమని! మొత్తం మీద నా చేత్తో తెచ్చినవి పద్దెనిమిది వందల ఓట్లు. గొప్ప చెప్పుకోవడం నాకిష్టముండదు గానీ, ఆ పిల్ల ఇవాళ కౌన్సిలరంటే..."

మలకీ కప్పు సాసర్లో పెట్టాడు.

"ఒరే ఫెస్టీ, ఆ అమ్మాయి ఎన్ని ఓట్లతో గెలిచిందిరా?"

ఫెస్టీ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఒకటి."

"పద్దెనిమిది వందలు నువ్వు తెస్తే ఒక్క ఓటుతో ఎలా గెలిచిందిరా?"

హాలంతా గొల్లున నవ్వింది. ఫెస్టీ కూడా నవ్వబోయాడు గానీ మలకీ వదల్లేదు.

"తొమ్మిదో రౌండప్పుడు నువ్వసలు హాల్లోనే లేవు. బయట కార్లు పెట్టే చోట గోడకేసి తిరిగి జపమాల తిప్పుతున్నావు, నేను కిటికీలోంచి చూశాను. రీకౌంటింగ్ అయ్యేదాకా లోపలికి రాలేదు. నువ్వు తెచ్చిన ఓటు ఒక్కటేరా. అది కూడా చెత్తబుట్ట దాకా వెళ్ళొచ్చింది."

"ఏం ఓటది?" అన్నాడు ఫెస్టీ.

"ఎవరి ఓటో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. శనివారం పొద్దున చెల్లుతాయో చెల్లవో తెలీని కాగితాలన్నీ పెద్ద అధికారి ఓ బల్ల మీద పరిచి ఏజెంట్లకి చూపించాడు. వాటిలో ఒకటుంది. దాని మీద అంకెల్లేవు. గ్రాన్యా పేరు పక్కన ఒక నిలువు గీత. ఇంకొకాయన పక్కన రెండు గీతలు. ఇంకొకరికి మూడు. ఆ తర్వాత నాలుగు. మా కోల్మన్ పక్కన నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి."

అందరం మెల్లగా తలలు దించి బల్ల మీది గుడ్డ వంక చూశాం. అంచు నించి అంచు దాకా ఫెస్టీ గీతలే.

ఫెస్టీ పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాడు. చెవులు కందిపోయాయి. "కళ్ళు సరిగ్గా ఆనడంలేదు. చెయ్యి దాని పాటికది గీసేసింది," అన్నాడు.

"ఎవరో ఆడుకున్నారు, ఇది చెల్లదు అన్నాడు పక్కనున్న గుమాస్తా. పెద్ద అధికారి మాత్రం వరస తెలుస్తోంది కదా, చెల్లుతుందనుకుంటున్నాను, ఎవరికైనా అభ్యంతరముందా అన్నాడు. నేను మాట్లాడలేదు. అప్పుడు పట్టింపూ లేదులే, ఒక్క ఓటేగా," అన్నాడు మలకీ.

"మరి సోమవారం?" అని నేనే అడిగాను, ఫెస్టీ అడిగేలా లేడు.

మలకీ కప్పు పక్కకి జరిపాడు. "సోమవారానికి దాని విలువ తెలుసు. ఒక్క ఓటు తేడా. కోల్మన్ నా భుజం పట్టుకుని, అనుమానపు కాగితాల్లో మనం పట్టుకోదగ్గది ఏమైనా ఉందా మలకీ, బాగా గుర్తు తెచ్చుకో అన్నాడు. అన్నీ మంచి ఓట్లేనన్నాను."

"ఎందుకన్నావురా అలా?" ఫెస్టీ అడిగాడు.

"మంచి ఓటు కాబట్టి. ఒక గీతంటే ఒకటి. నలభై ఏళ్ళుగా నీ పక్కన నిలబడి నీ గీతలు చదువుతున్నాను, నాకు తెలీదా? కోల్మన్ గెలవాలని నాకూ ఉంది. ఇంటికెళ్ళాక మా ఆవిడ కూడా నాతో మాట్లాడలేదు. కానీ చదవగలిగిన కాగితాన్ని చదవలేనని ఎలా చెప్పను?"

ఫెస్టీ లేచాడు. ఒళ్ళో రొట్టె పొట్లం కింద పడబోతే నేను పట్టుకున్నాను. ఆయన బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి మలకీ ముందు నిలబడ్డాడు. ఫెస్టీ గాఘన్‌కి మాట రాకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. రెండు చేతులతో మలకీ చెయ్యి పట్టుకుని ఊరికే ఊపుతూ ఉండిపోయాడు.

"బుధవారాలు నిలబెట్టావురా," అన్నాడు ఎట్టకేలకి. "నోనీకి జుట్టు దువ్వేది నేనే. ఇంకెవరినీ ముట్టనివ్వదు. ఎప్పటికీ మర్చిపోను మలకీ."

"చాల్లే, చెయ్యి వదులు, టీ చల్లారిపోతోంది."

"వచ్చే ఎన్నికల్లో నా రెండో నంబరు మీ వాళ్ళకే."

"అంకె వెయ్యి మహానుభావా," అన్నాడు మలకీ, "గీతలొద్దు."

బయట హారన్ మోగింది. గ్రాన్యా తలుపులోంచి తొంగి చూసి, "రెండైంది బాబాయ్, ఎక్కుతారా, ఇక్కడే గెలుస్తూ కూర్చుంటారా?" అంది. ఫెస్టీ కళ్ళు తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడు. నేను ఆయన పొట్లంలో ఇంకో రెండు రొట్టె ముక్కలు పెట్టాను. ఒకటి నోనీకి, ఒకటి దారిలో ఆయనకి. ఆ గుడ్డ పారేయబుద్ధి కాలేదు, మడతపెట్టి అలమరలో దాచాను.

బస్సు తలుపు ఇంకా మూసుకోలేదు. ముందు సీట్లో కూర్చుని ఫెస్టీ, నోనీకి చెప్పబోయే కథ అప్పుడే గ్రాన్యా మీద సరిచూసుకుంటున్నాడు. మెట్ల మీద నిలబడ్డ మాకందరికీ వినబడింది.

"అసలు మలకీ ఏం చేశాడమ్మాయ్? ఏమీ చెయ్యలేదు! పదహారు మంది లాయర్లు చుట్టుముట్టారు, అందులో ఇద్దరి దగ్గర కత్తులు..."

నా పక్కనే నిలబడ్డ మలకీ బస్సు మలుపు తిరిగేదాకా కదల్లేదు.